కాన్పుల లెక్క వేరు, ఎముకల లెక్క వేరు

బెంగళూరులో ఏ ఎముకల డాక్టరు ఓపీ బయట కాసేపు కూర్చున్నా తెలుగు చెవిన పడుతుంది. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి మనవణ్ణి చూసుకోవడానికి కొడుకింటికో కూతురింటికో వచ్చిన పెద్దావిడలు. ఊళ్లో కడప బండల మీద ఏళ్ల తరబడి నడిచిన కాళ్లు, మారతహళ్లి ఫ్లాట్‌లోని నున్నటి టైల్స్ మీద తడి కానరాక జారతాయి. మణికట్టుకు కట్టుతో కూర్చున్నావిడ, "నలుగుర్ని కన్న ఒళ్లు నాయనా ఇది. ఎముకల్లో ఇంకేముంటాది?" అంటుంది. పక్కావిడ నడుము పట్టుకుని, "నాకు కాన్పప్పుడు వెన్నులో సూదేసినారు, అప్పట్నుంచే ఇది" అంటుంది. మూడో ఆమె, "గర్భసంచి తీసేసినాకే నాకు మోకాళ్లు పోయినాయి" అని కలుపుతుంది.

ఇలాంటి మాటలు మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్నవే. వీటిలో మొదటిది చాలామటుకు తప్పు. రెండోది తప్పు. మూడోది మోకాళ్ల విషయంలో గట్టి రుజువు లేనిది, ఎముకల విషయంలో మాత్రం చాలా పెద్ద నిజానికి దగ్గరగా వచ్చిన మాట. విచిత్రమేమిటంటే, డాక్టరు దగ్గర ఎక్కువగా వినిపించేది మొదటి మాట, ఎవరూ రాసుకోనిది మూడో మాట.

ముందు నలుగురు పిల్లల సంగతి చూద్దాం. పుట్టేనాటికి బిడ్డ ఒంట్లో దాదాపు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో 80 శాతం దాకా చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. ఎదిగిన ఆడమనిషి ఎముకలన్నిటిలో కలిపి ఉండే కాల్షియం కిలోకు కాస్త అటూ ఇటూ. బిడ్డకు కావలసిందంతా తల్లి ఎముకల్లోంచే పోయిందనుకున్నా నూటికి మూడు వంతులు. నలుగురికి పన్నెండు. తక్కువేం కాదు కదా అనిపించవచ్చు. కానీ అసలు అలా జరగదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి పేగులు తిండిలోంచి కాల్షియాన్ని మామూలు కంటే సుమారు రెండింతలు పీల్చుకుంటాయి. బిడ్డ వాటాలో చాలాభాగం పళ్లెంలోంచే వస్తుంది.

ఎముక నిజంగా కరిగేది పాలిచ్చే కాలంలో. తల్లిపాలలో రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల కాల్షియం పోతుంది. ఆరు నెలలు తల్లిపాలే పట్టిస్తే 36 నుంచి 54 గ్రాములు. అంటే తొమ్మిది నెలలు మోసినప్పుడు ఇచ్చినదాని కన్నా పాలతో ఇచ్చేదే ఎక్కువ. పైగా కాన్పు కాగానే పేగులు మళ్లీ పాత పద్ధతికి వచ్చేస్తాయి. అందుకని ఒళ్లు వేరే దారి పడుతుంది. రొమ్ములో తయారయ్యే పీటీహెచ్‌ఆర్‌పీ అనే హార్మోను ఎముకల్లోంచి కాల్షియాన్ని రాబడుతుంది. పాలు పడేలా చేసే ప్రోలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా ఉండటం వల్ల, అండాశయాల్లో తయారై ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోను ఆ నెలల్లో తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ కరుగుదలను ఆపేవాళ్లూ ఉండరు. కొద్ది నెలల్లోనే వెన్నెముక సాంద్రత 3 నుంచి 10 శాతం దాకా పడిపోతుంది.

ఇంతవరకు చూస్తే మన పెద్దావిడ మాటే నిజమనిపిస్తుంది. అయితే ఇది చేబదులు. పాలు మాన్పించాక ఆరు నెలల నుంచి ఏడాదిలోపు దాదాపు అంతా తిరిగి ఎముకల్లో జమ అవుతుంది. తల్లి ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే. పాలిచ్చే తల్లులకు కాల్షియం మాత్రలిచ్చి ఈ తరుగుదలను ఆపవచ్చేమోనని అమెరికాలో పరీక్షించి 1997లో ఫలితం చెప్పారు: ఆగదు. ఇది కాల్షియం లోపం వల్ల వచ్చే తరుగు కాదు, శరీరం తానే వేసుకున్న పథకం.

దీన్ని గట్టిగా పరీక్షించిన చోటు పశ్చిమాఫ్రికాలోని గాంబియా దేశం. కేనెబా అనే పల్లెలో బ్రిటిష్ వైద్య పరిశోధకులు దశాబ్దాలుగా తల్లులనూ బిడ్డలనూ గమనిస్తున్నారు. అక్కడి ఆడవాళ్లకు కాన్పులు ఎక్కువ, ఒక్కో బిడ్డకు పాలిచ్చే కాలం ఎక్కువ, తిండిలో కాల్షియం మాత్రం రోజుకు 300, 400 మిల్లీగ్రాములే. మన లెక్క ప్రకారం వాళ్ల ఎముకలు పిండి కావాలి. కాలేదు. ఇంకో అడుగు ముందుకేసి గర్భిణులకు రోజుకు 1,500 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన ఫలితం ఎవరూ ఊహించనిది: మాత్రలు వేసుకున్నవాళ్లకే, పాలిచ్చే కాలంలో ఎముక ఎక్కువ తరిగింది. తక్కువ కాల్షియానికి అలవాటుపడ్డ ఒళ్లు తన పొదుపు తాను చేసుకుంటుందనీ, మధ్యలో మనం వేలు పెడితే ఆ పద్ధతి చెదురుతుందనీ దీనికి ఒక వివరణ. ఇది చదివి మన గర్భిణులు డాక్టరు రాసిన కాల్షియం మానేయకూడదు. కాల్షియం తక్కువ తినే గర్భిణులకు రక్తపోటు ముప్పు తగ్గించడానికే ముఖ్యంగా దాన్ని రాస్తారు, అది వేరే లెక్క. బాలింతకు పెరుగు కూడా పెట్టకుండా కారప్పొడి అన్నంతో సరిపెట్టే మన పథ్యాన్ని కూడా గాంబియా పేరు చెప్పి వెనకేసుకు రావద్దు.

అరుదుగా కొందరికి మాత్రం కాన్పు చుట్టుపక్కలే వెన్నుపూసలు నొక్కుకుపోతాయి. చివరి నెలల్లోనో, పాలిచ్చే తొలి నెలల్లోనో భరించలేని నడుము నొప్పి, ఎత్తు తగ్గడం కనిపిస్తే 'బాలింత నొప్పి' అని పక్కన పెట్టకుండా చూపించాల్సిందే.

మరి ముసలితనంలో ఏమవుతుంది? అమెరికాలో నాలుగు చోట్ల 65 ఏళ్లు దాటిన 9,704 మంది తెల్లజాతి స్త్రీలను 1986 నుంచి వెంట ఉండి చూసిన పెద్ద అధ్యయనం ఒకటుంది. 2003లో అందులో తేలిందేమిటంటే, పిల్లలు అసలు లేనివాళ్లలో తుంటి ఎముక విరిగే ప్రమాదం పిల్లలున్నవాళ్ల కంటే 44 శాతం ఎక్కువ. పిల్లలున్నవాళ్లలో ఒక్కో కాన్పుకు ప్రమాదం 9 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. కెనడాలో 16 ఏళ్లు సాగిన మరో అధ్యయనం 2019లో, కాన్పుల సంఖ్యకూ పాలిచ్చిన కాలానికీ తర్వాత ఎముకలు విరగడానికీ సంబంధమే కనిపించలేదంది. ఒకటి మేలంటుంది, ఒకటి తేడా లేదంటుంది. కాన్పులు ఎముకల్ని గుల్ల చేస్తాయని మాత్రం రెండూ అనలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'పిల్లల్ని కంటే ఎముకలు గట్టిపడతాయి' అని ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేయడానికి ఆ 44 శాతం చాలు. అలా చేయకండి. పిల్లలు కలగకపోవడానికి కారణమైన హార్మోన్ల తేడాలే తర్వాత ఎముకనూ దెబ్బతీసి ఉండవచ్చు. కాన్పులతో పెరిగిన బరువు పడ్డప్పుడు తుంటికి దన్నుగా నిలిచి ఉండవచ్చు. గర్భం వల్ల తుంటి ఎముక కాస్త వెడల్పవుతుందనే వాదనా ఉంది. ఆ అధ్యయనంలో పిల్లలున్నవాళ్ల, లేనివాళ్ల ఎముక సాంద్రతలో మాత్రం దీన్ని వివరించేంత తేడా లేదు. పిల్లల్లేని ఆవిడను భయపెట్టడానికో, ఉన్నావిడను మెచ్చుకోవడానికో పనికొచ్చే అంకె కాదిది.

పదహారు, పదిహేడేళ్లకే తల్లులైన వాళ్ల మాట కాస్త వేరు. ఆ వయసులో తల్లి ఎముకే ఇంకా పూర్తిగా కట్టుబడి ఉండదు. ఇరవైల చివరిదాకా ఎముక నిండుతూనే ఉంటుంది. ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదికి ముందే పెళ్లయింది. దీర్ఘకాలంలో దీని ప్రభావం ఎంతన్నదానిపై అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. అయినా కానీ అది ఎముకల కన్నా ముందు ఇంకా చాలా కారణాలకు ఆగాల్సిన పెళ్లి.

వెన్నులో సూది సంగతి తొందరగా తేల్చేద్దాం. సిజేరియన్‌కు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ వెన్నుపూసల మధ్య సందులోంచి వెళుతుంది, ఎముకను తాకి గుల్ల చేసేదేమీ లేదు. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పి, సూది పడ్డవాళ్లకూ పడనివాళ్లకూ ఇంచుమించు ఒకేలా వస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. పిల్లల ఆపరేషన్ కూడా అంతే. అదే ఐదో విడత సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. అందులో కట్టేసేది అండం దిగే గొట్టాన్ని. అండాశయాల పని మామూలుగా సాగుతుంది, నెలసరి వస్తూనే ఉంటుంది, ఈస్ట్రోజెన్ అలాగే ఉంటుంది. "ఆపరేషన్ అయ్యాకే ఒళ్లు చెడింది" అనే మాటలో ఏ ఆపరేషన్ అన్నది తేల్చుకోవడం అందుకే ముఖ్యం.

అసలు కథ ఈస్ట్రోజెన్‌ది. ఎముక కదలని రాయి కాదు. పాతదాన్ని కరిగించే కణాలు కొన్ని, కొత్తది కట్టే కణాలు కొన్ని జీవితమంతా పని చేస్తూనే ఉంటాయి. కరిగించే కణాలను అదుపులో పెట్టేది ఈస్ట్రోజెన్. అది తగ్గగానే కరగడం పెరుగుతుంది, కట్టడం దాన్ని అందుకోలేదు. లోపల గుల్లగా ఉండే ఎముక ఎక్కువగా ఉన్న వెన్నుపూసలు, మణికట్టు ముందు బలహీనపడతాయి. ఎముకలు ఇలా గుల్లబారే జబ్బు, ఆస్టియోపొరోసిస్, ముట్లుడిగిన స్త్రీలలోనే ఎక్కువని గమనించి, దాన్ని అండాశయాలతో ముడిపెట్టిన వైద్యుడు అమెరికాకు చెందిన ఫుల్లర్ ఆల్‌బ్రైట్. అది 1941 నాటి మాట. ఆ తర్వాత అమెరికాలో నెలసరి ఆగే వయసు స్త్రీలను ఏటేటా కొలిచిన మరో అధ్యయనంలో, పదేళ్లలో నడుము వెన్నుపూసల సాంద్రత సగటున 10.6 శాతం పోయింది. అందులో 7.4 శాతం దాకా చివరి నెలసరికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత వరకు, ఆ మూడేళ్లలోనే పోయింది. పాలిచ్చినప్పుడు పోయినది తిరిగొచ్చింది. ఇది రాదు.

కాబట్టి పునరుత్పత్తి చరిత్రలో ఎముకలకు ముఖ్యమైన ప్రశ్న, అండాశయాలు ఎన్నేళ్లు పనిచేశాయి, ఎలా ఆగాయి అన్నదే. రజస్వల ఆలస్యమై, ముట్లు తొందరగా ఉడిగినవాళ్లకు ఆ కాలం తక్కువ. పశ్చిమ దేశాల్లో నెలసరి ఆగే సగటు వయసు 51 దగ్గర ఉంటే మన దేశంలో 46, 47 దగ్గరే ఉంది. నలభై ఐదుకు ముందే ఆగితే ఎముకలకు ముప్పుగా, నలభైకి ముందే ఆగితే వైద్యం అవసరమైన పరిస్థితిగా చూస్తారు.

ఇప్పుడు మూడో ఆవిడ దగ్గరకు వద్దాం. నాలుగో విడత కుటుంబ ఆరోగ్య సర్వే, 2015-16లో, గర్భసంచి తీయించుకున్నారా అని నేరుగా అడిగింది. 15-49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తానికి 3.2 శాతం అవునన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. యాభై దాటినవాళ్లు ఈ లెక్కలోకి రాలేదు. చాలామందికి ఆపరేషన్ ముప్పైల్లోనే అయింది, అదీ ఎక్కువగా ప్రైవేటు ఆస్పత్రుల్లో.

ఎందుకింతమంది అంటే, మన ఊళ్లలో పెరిగినవాళ్లకు వివరించనక్కర్లేదు. తెల్లబట్ట అవుతోందని వెళ్లినా, నెలసరి ఎక్కువవుతోందని వెళ్లినా, స్కానింగ్‌లో చిన్న గడ్డ కనిపించినా, "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంక దాంతో పనేముంది, తీసేస్తే పోతుంది. లేకపోతే రేపు క్యాన్సర్ కావచ్చు" అనే మాట ఒకటి సిద్ధంగా ఉంటుంది. వినేవాళ్లకూ అది సుఖంగానే తోస్తుంది. నెలకు నాలుగు రోజులు కూలి పోదు, పూజలకు అడ్డం లేదు. అవసరమైన ఆపరేషన్లు ఉంటాయి, కాదనను. అనవసరంగా చేసినవీ తక్కువేం లేవని నా నమ్మకం. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటివాటి మీద దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చి, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది.

గర్భసంచి తీసేస్తే ఎముకకేం? నేరుగా ఏమీ లేదు, ఈస్ట్రోజెన్ తయారయ్యేది అక్కడ కాదు. కానీ చాలాసార్లు ఆ చేత్తోనే రెండు అండాశయాలనూ తీసేస్తారు. ముప్పై ఐదేళ్ల మనిషికి యాభై ఏళ్లనాటి పరిస్థితి ఒక్క పూటలో వచ్చేస్తుంది. మామూలుగా కొన్నేళ్లపాటు మెల్లగా తగ్గాల్సిన హార్మోను రోజుల్లో పడిపోతుంది. ఎముక కరిగే ఆ వేగవంతమైన దశ పదేళ్లు ముందే మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా అవి సగటున రెండేళ్ల దాకా ముందుగా ఆగిపోతాయని కొన్ని అధ్యయనాలు చూపించాయి. పైగా గర్భసంచి లేనప్పుడు నెలసరి రాదు గనక అండాశయాలు ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలియదు. "మీకు నెలసరి ఎప్పుడాగింది?" అని డాక్టరు అడిగితే ఆవిడ ఆపరేషన్ తేదీ చెబుతుంది. ఆ తేదీ ఒక్కోసారి అసలు సంగతి, ఒక్కోసారి ఏమీ కాదు.

ఏది ఏమిటో తేల్చేది డిశ్చార్జి కాగితం. అందులో ఆపరేషన్ పేరు దగ్గర పొడి అక్షరాలుంటాయి. టీఏహెచ్ అంటే పొట్ట కోసి, వీహెచ్ అంటే కింది దారిలో, టీఎల్‌హెచ్ అంటే కెమెరాతో గర్భసంచి తీశారని. దాని పక్కన బీఎస్‌ఓ అని ఉంటే రెండు అండాశయాలూ గొట్టాలతో సహా పోయాయి. యూఎస్‌ఓ అంటే ఒక వైపుదే. బీఎస్ అని మాత్రమే ఉంటే గొట్టాలే తీశారు, అండాశయాలు ఉన్నాయి. ఈ ఒక్క 'ఓ' అక్షరం మీద పాతికేళ్ల ఎముక ఆధారపడి ఉంటుంది. ఆ సంగతి పేషంటుకు విడమరిచి చెప్పే అలవాటు మన దగ్గర చాలా తక్కువ. "గర్భసంచి తీసేశారు" అన్న ఒక్క మాటతోనే ఆవిడ ఇల్లు చేరుతుంది.

నలభై ఐదుకు ముందే రెండూ పోయినవాళ్లకు, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా ఆగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మనవాళ్లలో అది అందుకునేవాళ్లు అరుదు. హార్మోన్ మాత్రలంటే భయానికి మూలం 2002లో ఆగిన అమెరికా ప్రయోగం. 16,608 మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూశారు. హార్మోన్ తీసుకున్నవాళ్లలో ఏడాదికి 10,000 మందిలో 10 మందికి తుంటి విరిగితే, తీసుకోనివాళ్లలో 15 మందికి విరిగింది. ఎముకకు మేలు జరిగిన మాట నిజమే. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు మాత్రం పెరిగాయి. అయితే ఆ స్త్రీల సగటు వయసు 63. వాళ్లకు వచ్చిన ఫలితాన్ని తెచ్చి 36 ఏళ్లకే అండాశయాలు పోయిన అమ్మాయికి అతికించడం సరికాదు. ఆమెకు ఇచ్చేది అదనపు హార్మోన్ కాదు, ఆ వయసుకు ఉండాల్సినదే.

గర్భనిరోధక ఇంజెక్షన్, మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో అంతరా పేరుతో మూడు నెలలకోసారి ఇచ్చేది, వాడినంత కాలం సాంద్రతను కొంత తగ్గిస్తుంది. మానేశాక చాలామటుకు కోలుకుంటుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్ల తరబడి వాడే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రలు ఈస్ట్రోజెన్‌ను ఇంకా కిందికి దించుతాయి కాబట్టి అవి వాడేవాళ్లకు ఎముక పరీక్ష తప్పనిసరి.

పరీక్ష అంటే డెక్సా, కొద్దిపాటి ఎక్స్‌-రేతో ఎముక సాంద్రతను కొలిచేది. ఆదివారాల్లో అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మడమ పెట్టించి 'బోన్ డెన్సిటీ' చీటీ చేతికిచ్చి, పక్క టేబుల్ మీద కాల్షియం డబ్బా అమ్మే ఉచిత క్యాంపు డెక్సా కాదు. మడమ మిషన్ చెప్పిన అంకెతో జబ్బు ఉందనీ లేదనీ తేల్చరు. ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో పోల్చి చెప్పే అంకె టీ-స్కోర్. అది మైనస్ 2.5కి దిగితే జబ్బేనని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత, తుంటికీ వెన్నుకూ తీసిన డెక్సాకు వర్తిస్తుంది. ముసలివాళ్లలో వెన్నెముక అరిగి ముళ్లు పెరిగితే అక్కడి అంకె ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది, అందుకని తుంటి అంకెనూ అడిగి చూసుకోవాలి. రాగి సంకటి మంచిదే, 100 గ్రాముల రాగి పిండిలో 350 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. కానీ ఒకసారి మణికట్టో వెన్నుపూసో చిన్న దెబ్బకే విరిగిందంటే సంకటి, కాల్షియం మాత్రలతో సరిపెట్టే దశ దాటిపోయింది. అప్పుడు ఎముక కరగకుండా ఆపే మందు కావాలి. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర అలాంటిదే. లేదంటే ఏడాదికోసారి జోలెడ్రోనిక్ ఆసిడ్ ఇంజెక్షన్.

పదేళ్లలో ఎముక విరిగే ప్రమాదాన్ని లెక్కగట్టడానికి డాక్టర్లు వాడే ఫ్రాక్స్, 2008లో బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. వయసు, బరువు, ఎత్తు, ఇదివరకు ఎముక విరగడం, అమ్మానాన్నలకు తుంటి విరగడం, స్టెరాయిడ్లు, పొగ, మద్యం, కీళ్లవాతం అడుగుతుంది. ఎంతమంది పిల్లలని ఎక్కడా అడగదు. నలభై ఐదుకు ముందే నెలసరి ఆగిందా అన్నది మాత్రం 'ఇతర కారణాలు' అనే గడిలో కలిసి ఉంటుంది. ఆ గడికి టిక్కు పెట్టాలంటే ఎవరో ఒకరు ఆవిణ్ణి అడిగి ఉండాలి.

కాగితం లేదనే చెబుతారు చాలామంది. ఇరవై ఏళ్ల కిందటి ఫైలు ఇల్లు మారినప్పుడో, బీరువా సర్దినప్పుడో పోయి ఉంటుంది, చేసిన నర్సింగ్ హోమ్ ఇప్పుడు ఉండకపోవచ్చు. స్కానింగ్‌లో చూద్దామన్నా, వయసుతో అండాశయాలు ముడుచుకుపోయి ఉన్నా కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: "ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లోనే ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు మొదలైనాయా, లేక చాలా ఏళ్ల తర్వాతా?" వెంటనే అంటే రెండూ పోయి ఉండటానికే అవకాశం ఎక్కువ. అక్కడినుంచి ఇప్పటికి ఎన్నేళ్లో లెక్కేసి, ఆ అంకెను డాక్టరుకు ముందే చెప్పి, తర్వాత కాన్పుల సంగతి కావాలంటే మాట్లాడుకోవచ్చు.